తేమ ఎవరి లెక్క

65వ నంబరు జాతీయ రహదారికి తూర్పు కొసన మచిలీపట్నం, పడమటి కొసన పుణే. పుణే దగ్గర రోడ్డు నంబరు మారుతుంది గానీ దారి ఆగదు. ఘాటు దిగితే అక్కడా సముద్రమే. 17వ శతాబ్దం తొలి పదేళ్లలో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు బందరులో, అంటే ఈ మచిలీపట్నంలోనే, కోఠీలు తెరిచింది మన అద్దకపు గుడ్డల కోసం, సన్నబట్టల కోసం. గోల్కొండ రాజ్యానికి అదే పెద్ద రేవు. ఇప్పుడు తెలంగాణ పడమటి అంచున పండే పత్తికి, ఆ చుట్టుపక్కల నేసే బట్టకు సముద్రం దారి అటు కాదు, ఇటు. ముంబై పక్కన నావా షేవా. ఆ పడమటి దారి ఒకసారి చూడాలని బయల్దేరాను. బట్ట వెంట పోవాలంటే దూది దగ్గర మొదలుపెట్టాలి కనుక ముందు నారాయణఖేడ్ వెళ్లాను.

2025 నవంబరు చివరి రోజులు. సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు పోయే 161వ నంబరు రోడ్డు మీద జోగిపేట దాటాక నేల రంగు మారుతుంది. నల్లరేగడి, దాని మీద పత్తి, కంది. సోయా అప్పటికే కోసేశారు. ఊరిని అందరూ ఖేడ్ అనే అంటారు. బజార్లో చాయ్ తాగే అంతసేపట్లో తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ, లంబాడీ చెవిన పడతాయి. 1956 దాకా ఇది బీదర్ జిల్లా తాలూకా. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాలోకి వచ్చింది, 2016 అక్టోబరు నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. కానీ పెళ్లిళ్లకీ పశువులకీ ఇప్పటికీ బీదర్ వైపే చూసే ఇళ్లు చాలా ఉన్నాయి.

బీదర్ అనగానే నాకు అఫనాసీ నికితిన్ గుర్తొస్తాడు. రష్యాలోని త్వేర్ నుంచి బయల్దేరిన ఈ వర్తకుడు 1470 ప్రాంతంలో ఓడ దిగింది చౌల్ రేవులో. నావా షేవాకి అది ఎంతో దూరం కాదు, కొంచెం దక్షిణంగా అదే తీరం. వెంట తెచ్చిన గుర్రాన్ని అమ్ముకోవడానికి జున్నర్ మీదుగా బీదర్ చేరాడు. బీదర్ అంగట్లో గుర్రాలు, పట్టు, రకరకాల బట్టలు అమ్ముతారని రాసుకున్నాడు. అంటే ఈ పీఠభూమికీ ఆ తీరానికీ మధ్య బట్టల రాకపోకలు కొత్తవేం కావు. పోర్చుగీసువాళ్లు రాకముందు నుంచీ ఉన్నవే.

పొద్దున్నే జిన్నింగ్ మిల్లు ఆవరణకు వెళ్లేసరికి పొగమంచు ఇంకా విడలేదు. ట్రాక్టర్లు, బొలెరోలు, డీసీఎంలు వరుసకట్టి ఉన్నాయి. ప్రతి బండి మీదా పట్టా కప్పి, తాడు బిగించి, పైన ఒక మనిషి. కింద కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనుగోలు మనిషి చేతిలో మాయిశ్చర్ మిషన్. సూదిలాంటి కడ్డీని పత్తిలోకి గుచ్చుతాడు, అంకె చూస్తాడు, పక్కవాడు రాసుకుంటాడు. ఆ సీజన్‌కి పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకి 8,110 రూపాయలు. తేమ 8 శాతం లోపుంటేనే ఆ ధర పూర్తిగా చేతికొస్తుంది. అక్కణ్నుంచి ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం, అంటే 81 రూపాయలు, కోత. 12 దాటితే బండి వెనక్కి తిప్పుకోవాల్సిందే.

"పొద్దుగాల పెడితె పదకొండు సూపిస్తది. మధ్యాహ్నం పెడితె తొమ్మిది. పత్తి అదే, బండి అదే," అన్నాడు ట్రాక్టర్ మీద కూర్చున్న రైతు. "మేం పత్తికి పైసల్ తీస్కుంటలేం సార్, ఎండకు తీస్కుంటున్నం."

మరి మధ్యాహ్నం దాకా ఆగొచ్చు కదా అని అడిగాను. యాప్‌లో స్లాట్ ఈ రోజుకే దొరికిందనీ, ఇవాళ మబ్బు పట్టిందనీ, వదులుకుంటే మళ్లీ ఎన్నడొస్తుందో తెలియదనీ చెప్పాడు. ఆ ఏడాదే సీసీఐ కపాస్ కిసాన్ అనే యాప్ పెట్టి, అందులో స్లాట్ తీసుకున్నవాళ్ల పత్తే కొంటోంది. ఆగస్టు చివర మెదక్, కామారెడ్డిలను ముంచిన వానలు, ఆ తర్వాత అక్టోబరులో మొంథా తుపాను. చేనులో తడిసిన పత్తి ఇంట్లో ఆరబోస్తే ఆరుతుంది. మంచుకు మళ్లీ తాగుతుంది.

తాగడం దాని గుణం. వస్త్ర ప్రయోగశాలల్లో పత్తికి ప్రామాణికంగా పెట్టుకున్న తేమ 8.5 శాతం. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు పొడి దూది నూరు కిలోలు ఎనిమిదిన్నర కిలోల నీటిని పట్టుకుని కూర్చుంటుందన్నమాట. గాలి మారితే అదీ మారుతుంది. పూర్తిగా ఎండిన పత్తి అనేది చేనులోనూ ఉండదు, మిల్లులోనూ ఉండదు, దుకాణంలోనూ ఉండదు. కాబట్టి పత్తిలో నీరుందా లేదా అనేది అసలు ప్రశ్నే కాదు. ఆ నీటిని ఎవరి లెక్కలో రాస్తారన్నదే ప్రశ్న. ఖేడ్‌లో మాత్రం జవాబు తేలికే. రైతు లెక్కలో.

లోపల జిన్నులు గింజనీ దూదినీ విడదీస్తున్నాయి. ఐదు క్వింటాళ్ల పత్తి ఆడిస్తే ఒక బేలు, 170 కిలోల దూది. మిగిలింది గింజ, అది నూనె మిల్లులకు పోతుంది. బేలు మీద నంబరు పడుతుంది, రైతు పేరు పడదు. ప్రెస్సు దాటిన తర్వాత ఖేడ్ దూదినీ, చుట్టుపక్కల పిట్లం, ఔరాద్ దూదినీ కంటితో చూసి వేరు చేయగలిగే మనిషి లేడు. ఇన్నేళ్లూ దాంతో ఎవరికీ ఇబ్బంది కలగలేదు. 2022 జూన్‌లో అమెరికా, చైనాలోని షిన్‌జియాంగ్ పత్తి కలిసిన బట్టను తన రేవుల్లో ఆపే చట్టాన్ని అమలులోకి తెచ్చాక, కొనేవాళ్లు దూది ఎక్కడిదో కాగితం అడగడం మొదలుపెట్టారు. తేమ కోసుకునేటప్పుడు ఊరూ పేరూ ఆధార్ నంబరూ అన్నీ రాసుకునే వ్యవస్థకు, బేలు కట్టేసరికి ఆ రైతు ఎవరో గుర్తుండదు. మనకే కాదు, ప్రపంచమంతా దూది ఇలాగే నడిచింది.

జహీరాబాద్ వచ్చి పడమటి బస్సెక్కాను. ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, చెరకు, కాసేపటికే కర్ణాటక, హుమ్నాబాద్ కూడలి. చెరకు కోతల కాలం కావడంతో రోడ్డు పక్క గుడిసెలు లేచాయి. ఖేడ్ చుట్టుపక్కల తండాల నుంచి ఏటా ఈ రోజుల్లో పిల్లాజెల్లాతో సహా కోతలకు వెళ్లేవాళ్లున్నారు. ఉమర్గా దగ్గర మహారాష్ట్ర. నల్‌దుర్గ్ కోట బస్సు కిటికీలోంచి చూసిందే. ఆగాలనిపించింది గానీ ఆగలేదు.

షోలాపూర్ గురించి మనవాళ్లకు తెలిసింది దుప్పటి. ఆ చద్దరుకి 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. తెలియాల్సినంతగా తెలియనిది ఏమిటంటే, ఆ దుప్పటి నేసింది ఎక్కువగా తెలుగు చేతులని. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు లేచింది. ఆ తర్వాత ఒకటొకటిగా మరికొన్ని. నిజాం రాజ్యం నుంచి, కరీంనగర్, నల్గొండ, పాలమూరు, మెదక్ ఊళ్ల నుంచి పద్మశాలీలు కాలినడకన, ఎడ్లబండ్ల మీద వచ్చి చేరారు. మిల్లుల్లో కొందరు, సొంత మగ్గాల మీద కొందరు. ఆ మొదటి మిల్లుకి మన రాజ్యాంగ చరిత్రలోనూ చోటుంది. 1949లో అది మూతపడితే మరుసటి జనవరిలో ప్రభుత్వం ఆర్డినెన్సుతో యాజమాన్యాన్ని చేతిలోకి తీసుకుంది. ఒక వాటాదారు సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1950 నాటి చిరంజిత్ లాల్ చౌధురి కేసును న్యాయశాస్త్రం చదివే పిల్లలు ఇప్పటికీ చదువుతారు. మిల్లులు మాత్రం పోయాయి. వాటి కూలీల మనవలు మరమగ్గాల కార్ఖానాలు పెట్టుకున్నారు, లేదా వాటిలో పనిచేస్తున్నారు.

నగరం తూర్పు భాగంలో, అశోక్ చౌక్ నుంచి లోపలికి నడిస్తే, బోర్డుల మీద దేవనాగరి లిపిలో మన ఇంటిపేర్లు. మార్కండేయ గుడి. రాఖీ పున్నమ నాడు ఇక్కడ మార్కండేయుడి రథం తిరుగుతుంది, దసరా ముందు బతుకమ్మ ఆడతారు. ఈ వాడల నుంచే గంగాధర్ కుచన్ పార్లమెంటుకి వెళ్లారు. సీపీఎం నాయకుడు నర్సయ్య ఆడం ఈ వాడల ఆడవాళ్ల కోసమే, బీడీలు చుట్టేవాళ్ల కోసం, కాలనీలు కట్టించారు. రాయ్‌నగర్‌లో 30 వేల ఇళ్ల పథకంలో సగం ఇళ్లు 2024 జనవరిలో పంచారు. మగవాళ్లకు మగ్గం, ఆడవాళ్లకు బీడీ. ఇంటి ఖర్చు రెండిటి మీదా నడుస్తుంది. దుప్పటి కంటే ఇప్పుడు తువ్వాలు ముఖ్యం. పరదేశం పోయేది అదే.

"మా తాత సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చిండంట. నేనైతె సిరిసిల్ల సూడనే లేదు," అన్నాడు అక్కల్‌కోట్ రోడ్ ఎంఐడీసీ పారిశ్రామికవాడలో ఒక కార్ఖానా చూపించిన పెద్దాయన. ఆయన తెలుగులో నాలుగు మాటలకొకటి మరాఠీ. "మీరు ఖేడ్ నుంచి వస్తున్రా? దూది అక్కడిదే ఉండొచ్చు. మాకు నూలు మిల్లు నుంచి కోన్లు వస్తయి. దాని మీద కౌంటు రాసి ఉంటది, ఊరు రాసుండదు."

కార్ఖానాలో మగ్గాల చప్పుడుకి మాట వినపడదు. టెర్రీ తువ్వాలుకి పడుగు రెండు వరసలు. ఒకటి బిగువుగా లాగి ఉంటుంది, రెండోది వదులుగా. పేక మూడు పోగులు పడి ఒక్కసారిగా ముందుకు కొట్టినప్పుడు ఆ వదులు పడుగు ఉచ్చులుగా లేస్తుంది. నీటిని పీల్చేది ఆ ఉచ్చులే. తేమను తాగడమే వృత్తిగా పుట్టిన గుడ్డ ఇది. దాన్ని పెట్టెలో పెట్టి, వారాల తరబడి సముద్రం మీద తేమ తగలకుండా పంపాలి! ఈ వ్యాపారంలోని తలనొప్పంతా ఈ ఒక్క మాటలో ఉంది.

తువ్వాళ్ల ఎగుమతిలో షోలాపూర్ ఒకప్పుడు ఉన్న చోట ఇప్పుడు లేదు. 1974 నుంచి 2004 దాకా ప్రపంచ వస్త్ర వ్యాపారం కోటాల మీద నడిచింది. ఏ దేశం ఎంత పంపాలో ముందే నిర్ణయం. 2005 జనవరి 1న కోటాలు పోయాయి. గేట్లు తెరుచుకున్నాయని అందరూ సంబరపడ్డారు. నిజంగా లాభపడింది గుజరాత్‌లో వెల్‌స్పన్, పంజాబ్‌లో ట్రైడెంట్ లాంటి భారీ మిల్లులు. నూలు వడకడం నుంచి అంచు కుట్టడం దాకా ఒకే కప్పు కింద చేసే వీళ్లు ఓడ కంపెనీలతో ఏడాది ఒప్పందాలు రాసుకోగలరు. నెలకు ఒకటో రెండో కంటైనర్లు పంపే షోలాపూర్ కార్ఖానాదారు ఏ వారానికి ఆ వారం రేటు అడుక్కోవాలి. పైగా ఖాళీ కంటైనర్ నావా షేవా నుంచి ఇక్కడి దాకా రావాలి, నిండి తిరిగి పోవాలి. రెండు వైపుల కిరాయీ ఆయనదే. చిన్నవాళ్లు నిలబడలేకపోవడానికి నేత నాణ్యత కారణం కాదని నా అభిప్రాయం. కిరాయి లెక్కలు కారణం.

ఇక అమెరికా. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అక్కడ సుంకం 50 శాతానికి పెరిగింది. నేను వెళ్లేనాటికి కొన్ని కార్ఖానాల్లో ఒక పాళీ ఆపేశారు. అయినా ఆ రోజు ఒక ఆర్డరు కదులుతోంది. పాత ధర మీద కొంత తగ్గింపు ఇచ్చుకుని.

కంటైనర్ పొద్దున వచ్చింది. నలభై అడుగుల పొడవు, ఎత్తు ఎక్కువుండే రకం. సూపర్‌వైజర్ దాంట్లోకి ఎక్కి, బయటివాళ్లతో తలుపులు మూయించుకున్నాడు. రెండు నిమిషాలు చీకట్లో నిలబడ్డాడు. ఎక్కడైనా సూదిమొన అంత వెలుగు కనిపిస్తే ఆ కంటైనర్ వద్దంటాడు. ఆ రంధ్రంలోంచి సముద్రం లోపలికొస్తుంది. తర్వాత నేల వాసన చూశాడు. అంతకుముందు అందులో తోళ్లో, రసాయనాలో వెళ్లి ఉంటే ఆ కంపు తువ్వాళ్లకు పట్టి అక్కడ తిప్పిపంపుతారు. గోడలకూ పైకప్పుకూ క్రాఫ్ట్ కాగితం అంటించారు. అట్టపెట్టెల్లో సిలికా జెల్ పొట్లాలు అప్పటికే ఉన్నాయి. కంటైనర్ పక్కగోడల గాడుల్లో కాల్షియం క్లోరైడ్ సంచులు వేలాడదీశారు. అవి గాలిలోని తేమను తాగి, అడుగు సంచిలో నీరుగా వదులుతాయి. ఇదివరకు బూజు పట్టకుండా డైమిథైల్ ఫ్యూమరేట్ పొట్లాలు కూడా వేసేవారు. ఆ పొట్లాలతో చైనా నుంచి వచ్చిన సోఫాల మీద కూర్చున్న ఐరోపావాళ్ల చర్మం కాలిపోతే, 2009లో ఐరోపా దాన్ని నిషేధించింది.

హమాలీలు నలుగురు. ఇద్దరిది తెలుగు, ఒకరిది కన్నడ, మరొకరిది మరాఠీ. "కాకా, ఇంకో రెండు వరసలు పడతయి, గుద్ది పెట్టు," అని అరిచాడు కుర్రాడు. తువ్వాళ్లతో కంటైనర్ నిండేది బరువుతో కాదు, చోటుతో. ఇరవై ఐదు టన్నులు మోయగల పెట్టెలో పది టన్నులు పట్టేసరికి తలుపు దగ్గరికొచ్చేస్తుంది. కనుక గాలి మిగలకూడదు, కానీ పైకప్పుకు అట్టపెట్టె తగలనూకూడదు. ఆ జానెడు ఖాళీ ఎందుకో అక్కడే తెలిసింది.

పది టన్నుల తువ్వాళ్లలో దాదాపు 800 లీటర్ల నీరు ఉంటుంది. బయటి నుంచి రాలేదు, గుడ్డలోనే ఉంది, చట్టబద్ధంగానే ఉంది. ఓడ పైఅంతస్తులో ఎండకు ఇనుప పెట్టె కాగినప్పుడు ఆ నీటిలో కొంత ఆవిరై గాలిలోకి వస్తుంది. రాత్రి చలికి పైకప్పు చల్లబడగానే ఆవిరి అక్కడ చెమట పట్టి బొట్లు బొట్లుగా కిందకి రాలుతుంది. మూత తీయని ఇడ్లీ పాత్ర లోపల జరిగేదే ఇక్కడా జరుగుతుంది. తడిసిన అట్టపెట్టె మెత్తబడి కుంగుతుంది, లోపలి తువ్వాలుకి బూజు చుక్కలు లేస్తాయి. తెల్ల తువ్వాలు మీద ఒక్క నల్ల చుక్క చాలు, పెట్టె మొత్తం వెనక్కి.

ఎర్ర సముద్రం ఈ లెక్కను మరింత పాడుచేసింది. 2023 నవంబరులో హూతీలు ఓడల మీద దాడులు మొదలుపెట్టాక పెద్ద కంపెనీల ఓడలు సూయెజ్ మానుకుని ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టాయి. అలా పోతే పది రోజుల నుంచి రెండు వారాల దాకా ఎక్కువ పడుతుంది. రోజులు, డీజిలు, కిరాయి గురించి పత్రికలు రాశాయి. తేమ గురించి రాయగా నేను చూడలేదు. ఈ దారిన న్యూయార్క్ పోయే పెట్టె భూమధ్యరేఖను రెండుసార్లు దాటుతుంది. ముంబై వేడి, ఆఫ్రికా దక్షిణ కొసన చల్లదనం, మళ్లీ నడి అట్లాంటిక్ వేడి, ఆఖరున చలికాలపు అమెరికా. కాగడం, చల్లబడటం, మళ్లీ కాగడం. యెమెన్‌లో పేలిన క్షిపణి షోలాపూర్ తువ్వాలుకి బూజు పట్టిస్తుందంటే నమ్మబుద్ధి కాదు గానీ, కార్ఖానాల వాళ్లు సంచుల ఖర్చు పెంచుకున్నది అందుకే.

పాతకాలపు వర్తకులకీ ఈ బాధ తెలుసు. కోరమాండల్ తీరం నుంచి కంపెనీ ఓడలెక్కిన బట్టల మూటలకు లోపల మైనపు గుడ్డ, పైన గోనెపట్టా చుట్టేవారు. చీరాల వైపు నేసి అరబ్బు దేశాలకు, ఆఫ్రికా తీరానికి పంపిన తేలియా రుమాళ్ల నూలు నూనెలో నాని తయారయ్యేది. ఆ నూనె ప్రధానంగా రంగు పట్టడానికే. కానీ ఎడారి ఎండలో తల చల్లగా ఉంచుతుందని అరబ్బులు దాన్నే మెచ్చుకున్నారట.

తలుపు మూసి బోల్టు సీలు బిగించారు. ఎలక్ట్రానిక్ సీలు నంబరు కస్టమ్స్ కాగితాలకు ఎక్కింది. తూకం చీటీ లేకపోతే ఓడ ఎక్కనివ్వరు, 2016 జూలై నుంచి ప్రపంచమంతటా అదే నియమం. యజమాని అన్నింటి ఫొటోలు తీయించాడు. ఖాళీ కంటైనర్ ఫొటో, సగం నిండింది, నిండింది, వేలాడే సంచులది, తేమ కొలిచే మిషన్ అంకెది. ఆ మిషన్ ఖేడ్‌లో చూసినదానికి దగ్గరి చుట్టమే. అట్టపెట్టెలోకి గుచ్చితే ఏడున్నర చూపించింది.

"ఇన్ని ఫొటోలు ఎందుకు?"

"రేపు బూజు వస్తె మాదే తప్పంటరు. ఓడ కంపెనీ అంటది, తేమ నీ మాల్ నుంచే వచ్చింది అని. ఇన్సూరెన్స్ కూడ అదే అంటది. అప్పుడు ఈ ఫొటోలు సూపెట్టాలె."

సూపెడితే ఇస్తారా అంటే నవ్వి ఊరుకున్నాడు.

ఆ నవ్వు వెనక చట్టం ఉంది. మన 1963 నాటి సముద్ర బీమా చట్టంలో, సరుకు సొంత గుణం వల్ల జరిగిన నష్టానికి, పాలసీలో ప్రత్యేకంగా రాసుకోకపోతే, బీమా కంపెనీ బాధ్యత వహించదు. ఓడవాళ్లకు కూడా అంతర్జాతీయ నియమాల్లో అదే మినహాయింపు. 2025లో పార్లమెంటు 1856 నాటి బిల్ ఆఫ్ లేడింగ్ చట్టాన్ని, 1925 నాటి సముద్ర రవాణా చట్టాన్ని తీసేసి కొత్తవి తెచ్చింది. భాష తేలికైంది, కాగితం పని సర్దుకుంది. సరుకు సొంత గుణం అన్న మినహాయింపు మాత్రం చెక్కుచెదరలేదు. పత్తి గుణం తేమను పట్టుకోవడం. కనుక పత్తితో చేసిన దేనికైనా తేమ నష్టం జరిగితే వేలు ముందు పంపినవాడి వైపు చూపిస్తుంది.

ఆ కంటైనర్‌ను లాగే ట్రెయిలర్ మీదే నేనూ బయల్దేరాను. డ్రైవర్‌ది ధారాశివ్ వైపు ఊరు. ఖాళీగా వచ్చి నిండుగా పోయే కిరాయి అతనికి నచ్చదు, రెండు వైపులా నిండుగా ఉంటేనే నాలుగు డబ్బులు మిగులుతాయి. ఇందాపూర్, భిగ్వణ్, రాత్రి పుణే పక్కనుంచి. తెల్లవారుజామున బోర్ ఘాట్ దిగుతుంటే బ్రేకుల వాసన. ఘాటు దిగగానే గాలి బరువెక్కింది. చొక్కా ఒంటికి అతుక్కుంది. వెనకున్న తువ్వాళ్లకూ ఈ సంగతి తెలిసే ఉంటుంది.

పనవేల్ దాటాక ఉరణ్ రోడ్డు పొడవునా కంటైనర్లు. ఒకదాని మీద ఒకటి, ఐదంతస్తులు. మడ అడవుల పక్కన, ఉప్పు మళ్లు పూడ్చిన చోట, గుళ్ల వెనక. వీటన్నిటికీ పూర్వీకుడు 1956 ఏప్రిల్ 26న న్యూజెర్సీ నుంచి హ్యూస్టన్‌కి 58 పెట్టెలతో బయల్దేరిన ఐడియల్ ఎక్స్ అనే ఓడ. మాల్కమ్ మెక్‌లీన్ అనే లారీల వ్యాపారి ఆలోచన అది. ఖేడ్ బీదర్ జిల్లాను వదిలింది ఆ ఏడాదే నవంబరులో. అప్పుడు ఎవరికీ ఈ రెండిటికీ సంబంధం కనిపించి ఉండదు.

నావా, షేవా రెండు పల్లెలు. వాటి పేరుతో 1989 మేలో ప్రారంభమైన రేవు ఇది, అధికారిక పేరు జవహర్‌లాల్ నెహ్రూది. 2024-25లో ఇరవై అడుగుల పెట్టెల లెక్కన 73 లక్షలు ఇక్కడ ఎక్కిదిగాయి. దీని వెనక భూముల కథ ఉంది. నవీ ముంబై కోసం, ఈ చుట్టుపక్కల పనుల కోసం తీసుకున్న భూములకు సరైన పరిహారం కావాలని 1984 జనవరిలో డి.బి. పాటిల్ నాయకత్వంలో రైతులు, జాలర్లు రోడ్డెక్కారు. పోలీసు కాల్పుల్లో ఐదుగురు పోయారు. 2025 అక్టోబరులో తెరిచిన నవీ ముంబై విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టాలని ఈ ఊళ్ల గోడల మీద అప్పటికీ రాసి ఉంది.

రేవు లోపలికి నాలాంటివాడిని పోనివ్వరు. గేటుకి ముందు ట్రెయిలర్ల వరసలో మాది ఎన్నోదో లెక్కపెట్టే ఓపిక లేకపోయింది. ఓడ రెండు రోజులు ఆలస్యం, గేటు ఇంకా తెరవలేదు. అంటే అంతసేపూ మన పెట్టె ఎండలో. పక్కన టీ బండి దగ్గర ఒక సర్వేయరు కలిశాడు. తెనాలి వైపు మనిషి, ఇక్కడ స్థిరపడి చాలా ఏళ్లైంది. పాడైన సరుకు చూసి నష్టానికి కారణం రాయడం అతని పని. తేమ కేసుల్లో ఎలా తేలుస్తారని అడిగాను.

"ముందు నీళ్లలో ఉప్పుందా లేదా చూస్తామండీ. సిల్వర్ నైట్రేటు చుక్క వేస్తే ఉప్పుంటే తెల్లగా విరుగుతుంది. ఉప్పుంటే బయటి నీళ్లు, అంటే పెట్టెకి రంధ్రం, ఓడవాళ్లు చూసుకోవాలి. ఉప్పు లేకపోతే లోపలి తేమ. అప్పుడు సరుకు పంపినాయన చూసుకోవాలి."

"వానలో నిలబడి తడిస్తే? ఇలా గేటు ముందు రోజులకు రోజులు ఎండలో కాగితే?"

"వాన నీళ్లలో ఉప్పుండదు కదండీ," అన్నాడు. మళ్లీ కాస్త ఆగి, "ఎన్ని రోజులు ఎక్కడ నిలబడిందో రిపోర్టులో రాస్తాం. రాయొచ్చు. దానికి డబ్బు ఎవరిస్తారన్నది రిపోర్టులో ఉండదు," అన్నాడు.

మధ్యాహ్నానికి ఎదురు వరసలోంచి నిండు ట్రెయిలర్లు బయటికి రావడం మొదలైంది. కొన్నింటిలో దిగుమతి పత్తి ఉందని మా డ్రైవర్ చెప్పాడు. ఆగస్టు 19న కేంద్రం పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని ఎత్తేసింది. మొదట సెప్టెంబరు దాకా అన్నది, తర్వాత డిసెంబరు 31 వరకూ పొడిగించింది. అమెరికా సుంకం దెబ్బకు తట్టుకోవడానికి మిల్లులకు చవక దూది కావాలన్నది కారణం. బ్రెజిల్, అమెరికా, ఆస్ట్రేలియా బేళ్లు అప్పుడు ఇలా దిగుతూ ఉన్నాయి. తువ్వాలు కార్ఖానా యజమానికి అది ఊరటే, నూలు ధర పెరగకుండా ఉంటుంది. ఖేడ్ రైతు పత్తి తేమ ఎక్కువై సీసీఐ తిప్పిపంపితే, బయట వ్యాపారి ఏ ధర చెబుతాడో నిర్ణయించేది కూడా ఈ బేళ్లే. ఇద్దరూ ఒకే దారి మీద ఉన్నవాళ్లు, ఒకరికి మేలైంది మరొకరికి చేటు. ఈ చిక్కును సుంకాల ఉత్తర్వుల్లో ఎవరూ విప్పలేదు. విప్పడానికి ప్రయత్నించినట్టు కూడా కనిపించదు.

సాయంత్రం ఐదింటికి మా వరస కదిలింది. డ్రైవర్ ఫోను మోగింది. ఖాళీ చేశాక తిరుగు ప్రయాణానికి లోడు దొరికిందట, షోలాపూర్ దాటి ఒక నూలు మిల్లుకి, నలభై అడుగుల పెట్టె, బ్రెజిల్ పత్తి. రెండు వైపులా నిండుగా! నాకు టీ ఇప్పించి, కిరాయి ఎంతకు కుదిరిందో చెప్పి, గేటు కాగితాలు తీసుకుని బండెక్కాడు.